వంతుల కారు

మా ఇంట్లో కారు కంటే ముందు కాగేది నేనేనని మా తమ్ముళ్ళు ఊరంతా చెప్పుకుంటారు. చెప్పుకోనీ. కాగకపోతే ఏం చేయమంటారు? నా గొర్రెలమ్మి కొన్న కారును ఇద్దరూ కలిసి, కాదు, కలవకుండానే, నా కళ్ళ ముందు ఉడకబెట్టి చంపారు. అది చచ్చింది తొంభై ఎనిమిది ఎండాకాలంలో. దాని ఇంజను ఎప్పుడో చల్లారింది గాని నా కోపం చల్లారలేదు.

నా పేరు జంగమ్మ. మాది మోతె పక్కన ఒక చిన్న పల్లె, గొర్రెలు కాసుకునే కురుమల ఇల్లు. పెళ్ళయిన కొన్నాళ్ళకే నా మొగుడు పోతే, అతని మందను తోలుకుని పుట్టింటికి వచ్చేశాను. పిల్లలు లేరు. ఆ మందే నాకు పిల్లలు, ఆస్తి, రేపటి బువ్వ. నా తర్వాత పుట్టినవాడు బీరయ్య, వాడి తర్వాత అచ్చయ్య. ఇద్దరూ గొర్రెలు వదిలేసి సూర్యాపేట అడ్డా మీద ఎవరెవరివో కార్లు నడిపేవాళ్ళు. ఒకరోజు ఇద్దరూ వచ్చి నా ముందు పక్కపక్కన కూర్చున్నారు. అప్పటికింకా పక్కపక్కన కూర్చునేవాళ్ళు.

"అక్కా, మిర్యాలగూడల ఒక రైస్ మిల్లు సేటు అంబాసిడర్ అమ్ముతున్నడు. పాతదే గాని ఇంజను మంచిగున్నది. మంద అమ్మితే బండి మనదైతది," అన్నాడు బీరయ్య.

"నువ్వు ముసలిదానివైనంక నీ కాలు కింద పెట్టనియ్యం. బండి నీదే, మేం ఉట్టిగ నడిపేటోళ్ళం," అన్నాడు అచ్చయ్య.

నమ్మాను. తోడబుట్టిన వాళ్ళను నమ్మక ఎవరిని నమ్ముతారు? మందను కొన్నవాళ్ళు తోలుకుపోతుంటే ఇంట్లోంచి బయటికి రాలేదు నేను. గొర్రెల అరుపు వినపడకుండా పోయేదాకా రోకలి పట్టుకుని ఏమీ లేని రోట్లో దంచుతూ కూర్చున్నాను.

కారు వచ్చిన నెల తిరక్కుండానే గొడవ. వెనక అద్దం మీద 'బీరప్ప దయ' అని రాయించాడు బీరయ్య. బీరప్ప మా కులదేవుడు. అందులో తప్పేముంది? కానీ అచ్చయ్యకు అందులో దేవుడు కనపడలేదు, అన్న కనపడ్డాడు.

"దేవుని పేరు చెప్పి నీ పేరు రాయించుకున్నవా? నేను కిరాయి డ్రైవర్‌నా గీ బండికి?" అన్నాడు.

మాటకు మాట పెరిగింది. బీరయ్య చెయ్యెత్తాడు. అచ్చయ్య బ్లేడు తెచ్చి మొదటి అక్షరాన్ని గీకేశాడు. ఆ రోజు నుంచి మా కారు 'రప్ప దయ'తో తిరిగింది. ఆ రోజు నుంచే వాళ్ళిద్దరి మధ్యా మాటలు బందయ్యాయి.

మా దగ్గర ఉమ్మడిగా ఉన్నదేదైనా వంతుల మీదే నడుస్తుంది. మోట బావికి వంతు, దొడ్డి కాపలాకు వంతు. కారుకూ వంతు పెట్టుకున్నారు. ఒక వారం బీరయ్య, ఒక వారం అచ్చయ్య. ఆదివారం పొద్దున వంతు దిగేవాడు తాళం చెవి తెచ్చి నా గుమ్మం పక్కన మేకుకు తగిలించాలి. వంతెక్కేవాడు వచ్చి తీసుకోవాలి. ఒక్కోసారి ఇద్దరూ నా వాకిట్లోనే ఎదురుపడేవాళ్ళు. అయినా సరే, చెప్పాల్సింది నాతోనే చెప్పేవాళ్ళు.

"అక్కా, చెప్పు వానికి. బ్రేకు జర లూజున్నది."

అలా అన్నది బీరయ్య. అచ్చయ్య రెండడుగుల దూరంలోనే నిలబడి ఉండేవాడు.

"అక్కా, చెప్పు ఆయనకు. నేనేం చెవిటోన్ని గాను, ఇనపడ్డది."

నాకు తల కొట్టుకోబుద్ధయ్యేది. మా అమ్మ బతికున్నప్పుడు ఒక సామెత అంటుండేది, ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని. అందరిదీ అయిన గొర్రెకు పుండైతే, వాడు చూస్తాడులే అని వీడు, వీడు చూస్తాడులే అని వాడు, చివరికి దాన్ని పురుగులు చూస్తాయి. మా ఇంట్లో అంతకంటే అన్యాయం జరిగింది. మా గొర్రెకు ఇద్దరూ వైద్యం చేశారు.

వైద్యమంటే రేడియేటర్‌కు. బండి ముందు భాగంలో, ఇంజను వేడిని లాగేసే నీళ్ళ పెట్టె అది. అందులో మావాళ్ళు పోసేది బోరు నీళ్ళు. మా బోరు నీళ్ళ సంగతి తెలియనిదెవరికి? గిన్నెలో కాచితే అంచున తెల్లటి చెక్కు కడుతుంది. ఆ చెక్కే రేడియేటర్‌లోని సన్నటి గొట్టాల్లోనూ కట్టింది. దానికి తోడు ఎక్కడో సన్నగా కారేది. కారినప్పుడల్లా బీరయ్య దోసెడు పసుపు పోసేవాడు. పసుపు నీళ్ళలో తిరిగి తిరిగి చిల్లు దగ్గర ఇరుక్కుని దాన్ని పూడుస్తుంది. లారీ డ్రైవర్లందరూ దారిలో ఆపద వచ్చినప్పుడు చేసే పనే ఇది. మా బీరయ్యకు ఆపద అక్కర్లేదు. తన వంతు మొదలయ్యే ప్రతి ఆదివారం బానెట్‌కు బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, చేతిలో మిగిలిన పసుపు మూత తీసి అందులో వేసేవాడు.

"దాంట్ల గూడ దేవుడున్నడారా?" అని అడిగాను ఒకసారి.

"మంచిదే గదక్కా, పసుపు. మనిషికి దెబ్బ తాకితే పెడ్తలేమా?" అన్నాడు.

అలా నాలుగో ఏడు నడుస్తుండగా, తొంభై ఎనిమిదిలో, ఎండలు ముందే ముదిరాయి. కారు సూర్యాపేట నుంచి కోదాడ పోయి వచ్చేలోపు రెండుసార్లు దమ్ము తీసుకునేది. ముందు నుంచి ఆవిర్లు లేస్తుంటే పాసింజర్లు దిగి చెట్ల కింద నిలబడి మావాళ్ళను తిట్టేవాళ్ళు. ఇలాగే వదిలేస్తే ఇంజను పోతుంది, ఇంజను పోతే నా మంద పోయినట్టే. అందుకని ఒక శనివారం, అచ్చయ్య వంతు ఆఖరి రోజు, నేనే కారెక్కి సూర్యాపేటలో రేడియేటర్లు బాగుచేసే బుచ్చయ్య దగ్గరికి తోలించాను.

బుచ్చయ్య మూత తీసి వేలు పెట్టి, ఆ వేలు మా ముందు ఎత్తి చూపించాడు. పచ్చడిలో ముంచినట్టుంది.

"గిది రేడియేటరా, పసుపు కొట్టా?" అన్నాడు.

"చెప్పు మా అన్నకు," అన్నాడు అచ్చయ్య.

"నేనేం చెప్ప. నువ్వు చెప్పుకో," అని బుచ్చయ్య నా వైపు తిరిగాడు. "అక్కా, దీన్ని ఇప్పి, తోమి, కారేకాడ టంకం పెడ్త. గాని మళ్ళ బోరు నీళ్ళే పోస్తనంటే నా దగ్గర పెట్టకు. కూలెంటు పొయ్యాలె."

కూలెంటన్న మాట అప్పుడప్పుడే మా రోడ్ల మీద వినపడుతోంది. ఇంజను తుప్పు పట్టకుండా, నీళ్ళు తొందరగా మరగకుండా చేసే మందు అది. బుచ్చయ్య అరలో రెండు రంగుల డబ్బాలున్నాయి, ఒకటి ఆకుపచ్చ, ఒకటి ఎరుపు.

"ఏది మంచిది?" అని అడిగాను.

"మంచిది, చెడ్డది అని ఉండదక్కా. ఏ బండికి ఏది అన్నదే లెక్క. గీ ఎర్రది కొత్త బండ్లకు. వాటి ఇంజన్ల, రేడియేటర్ల అల్యూమినియం ఉంటది. నీది ఇనుప ఇంజను, ఇత్తడి రేడియేటరు, అన్ని టంకం అతుకులు. ముసలి బండి. ముసలోళ్ళకు పాత మందే పడ్తది. దీనికి గ్రీనుది పొయ్యాలె. రెండు కలిపితివా, లోపల జిగురైతది. ఇంకోటి, దీంట్ల కలిపే నీళ్ళు మెత్తటివి గావాలె. వాన నీళ్ళయితే మా మంచిది."

"ఎండాకాలంల వాన నీళ్ళు యాడికెళ్ళి తెస్తం?" అన్నాడు అచ్చయ్య.

దేవుడికి మా కారు మీద ఇంకా దయ ఉన్నట్టుంది. మర్నాడు వంతు మారింది గాని, బీరయ్య ఆ వారమంతా చుట్టాల పెళ్ళికని మిర్యాలగూడలో ఉండిపోయాడు. కారు బుచ్చయ్య దగ్గరే ఆగింది. ఆ వారం మధ్యలో ఒక మధ్యాహ్నం మబ్బు కమ్మి రాళ్ళవాన పడింది. ఊళ్ళో అందరూ మామిడికాయలు రాలాయని, కల్లాల్లో వడ్లు తడిశాయని మొత్తుకుంటుంటే నేను ఇంట్లో ఉన్న బిందెలన్నీ తోమి వాకిట్లో పెట్టాను. నెత్తిన గోనెసంచి కప్పుకుని, నేల తగలకుండా చాట మీద పడిన వడగండ్లను కూడా బిందెల్లో వేశాను. నెత్తి మీద, భుజాల మీద కొడుతుంటే ఒళ్ళంతా కమిలింది. పక్కింటి తిరుపతమ్మ అరుగు మీద నుంచి చూసి, "జంగక్కకు ఎండ తలకెక్కింది," అంది.

"నా తలకు గాదే, నా కారు తలకెక్కింది," అన్నాను.

ఆ నీళ్ళను కొత్త గుడ్డలో వడగట్టి, బస్సు మీద వేయించి సూర్యాపేట తీసుకుపోయాను. కండక్టర్ ఇవేం నీళ్ళని అడిగితే తీర్థమన్నాను. బుచ్చయ్య అప్పటికే రేడియేటర్‌ను విప్పి తోమి, చిల్లులకు టంకం పెట్టి ఉంచాడు. ఇంజను లోపల కూడా కడిగి కడిగి పసుపు రంగు పోయి తేట నీళ్ళు వచ్చేదాకా వదిలాడు. అప్పుడు ఆకుపచ్చ మందు, నా రాళ్ళవాన నీళ్ళు కలిపి పోశాడు. మూత బిగించి నాకు రెండు మాటలు చెప్పాడు.

"ఇగ దీంట్ల ఎవరూ ఏం పొయ్యద్దు. తగ్గితే, గీ కలిపిన నీళ్ళు మిగిలినయి గద, ఇవే పొయ్యుండ్రి. ఎప్పుడన్న బాగ కాగితే ఆగుండ్రి, సల్లారనియ్యుండ్రి. వేడి మీద సన్నీళ్ళు పోస్తే ఇనుము పగుల్తది."

అచ్చయ్య అక్కడే ఉన్నాడు, విన్నాడు. కారు తోలుకుని మోతె వస్తుంటే వేడి చూపించే ముల్లు ఎక్కడిదక్కడే ఉంది. కిటికీ దించుకుని ఆ గాలికి కళ్ళు మూసుకున్నాను. మంద అమ్మిన తర్వాత ఆ కారు నాదని అనిపించింది ఆ ఒక్క ప్రయాణంలోనే.

తర్వాతి ఆదివారం, పోయిన వారానికి బదులుగా, వంతు బీరయ్యకే ఇచ్చాను. తాళం చెవికి పోయే చెయ్యిని ఆపి, బుచ్చయ్య చెప్పిందంతా పొల్లు పోకుండా చెప్పాను. వాడు విన్నంతసేపు విని ఒకే ఒక్క మాట అడిగాడు.

"తోలుకపోయింది ఎవలు?"

"అచ్చిగాడు. అయితే ఏంది?"

"గదే అనుకున్న. నాకు చెప్పకుంట నా బండిని ఇప్పించిండన్నమాట."

"ఇప్పించింది నేనురా! గొర్లు అమ్మింది నేను, బండి ఇప్పించింది నేను, రాళ్ళవానల నెత్తి పలగ్గొట్టుకున్నది నేను!"

వాడికి అవేమీ వినపడలేదు. వాడి చెవిలోకి పోయింది తమ్ముడి పేరొక్కటే. టంకం దగ్గర రెండు చుక్కల చెమ్మ కనపడగానే, 'చూసినవా వాడు చేయించిన పని' అనుకుంటూ దోసెడు పసుపు పోశాడు. పైగా పోయిన ఆదివారం పూజ తప్పినందుకు దేవుడికి కోపమొచ్చి ఉంటుందని ఇంకో దోసెడు.

వారం తిరిగింది. అచ్చయ్య మూత తీసి చూసి, అన్న పసుపు పోసిన సంగతి పట్టేశాడు. నాతో చెప్పొచ్చు. మళ్ళీ బుచ్చయ్య దగ్గరికి పోవచ్చు. లేదు. కిరాయికి కోదాడ పోయినవాడు అక్కడ హైవే పక్కన సామాన్ల కొట్లో ఆగాడు. ఆ కొట్టాయన, "పాత సరుకు ఎందుకండీ, కొత్త బళ్ళన్నిటికీ ఇదే వాడుతున్నారు, పోసి చూడండి, ఐసులా ఉంటది," అని ఎర్ర డబ్బా చేతిలో పెట్టాడు. ఆ కొట్టాయనకేం తెలుసు, మా కారు ముసలిదో పడుచుదో? తెలియాల్సింది మావాడికి. వాడు రేడియేటర్ కింది కొళాయి తిప్పి వచ్చినంత వదిలేసి, పైనుంచి ఎర్రది నింపాడు. నా రాళ్ళవాన నీళ్ళు కోదాడ రోడ్డు మీద దుమ్ములో కలిశాయి.

అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, అన్న మీద కోపం, తమ్ముడి మీద కోపం ఆ రేడియేటర్‌లో పోసుకుంటూ పోయారు. అదేమో నోరు లేనిది. ఎవరేది పోస్తే అది మింగింది.

నాకు అనుమానం వచ్చి మే నెలలో ఒక ఆదివారం నేనే మూత తీశాను. లోపల ఆకుపచ్చ లేదు, ఎరుపు లేదు, పసుపు లేదు. నేరేడుపండ్లు పిసికి మజ్జిగలో వేసినట్టు ఏదో రంగు. కర్రపుల్ల ముంచితే తీగ సాగింది. ఇద్దరూ వాకిట్లోనే ఉన్నారు, ఒకడు చెవి తగిలించడానికి, ఒకడు తీసుకోవడానికి.

"ఎవడురా పోసింది?" అని అరిచాను.

"చెప్పక్కా వానికి, ఎర్రది తెచ్చినోన్ని నేను గాదు," అన్నాడు బీరయ్య.

"చెప్పక్కా ఆయనకు, పసుపు దుకాణం నాది గాదు," అన్నాడు అచ్చయ్య.

అంటే ఇద్దరికీ తెలుసు! ఎదుటివాడు ఏం పోస్తున్నాడో తెలుసు, అది బండికి పడదనీ తెలుసు. తెలిసి, నోరు తెరవకుండా, తన వారం కోసం కాచుకుని కూర్చున్నారు. నా ఒళ్ళు మండిపోయింది. రేపే బుచ్చయ్య దగ్గరికి పోవాలని పట్టుబట్టాను. వంతు అచ్చయ్యది. "రేపు కోదాడ నుంచి మిర్యాలగూడ పెండ్లి కిరాయున్నదక్కా, పెండ్లి కొడుకు బండి. మాటిచ్చిన. అది అయినంక ఎల్లుండి పొద్దుగాలనే పోదాం," అన్నాడు. అయితే నేనూ వస్తానని మర్నాడు ముందు సీట్లో కూర్చున్నాను. నేరేడుచర్లలో మా ఆడబిడ్డను చూసినట్టూ ఉంటుంది, వీణ్ణి కనిపెట్టినట్టూ ఉంటుంది.

పెళ్ళికొడుకు, వాళ్ళ మేనమామ, ఇంకో ఇద్దరు వెనక కూర్చున్నారు. హుజూర్‌నగర్ దాటేదాకా బాగానే ఉంది. దాటాక ముల్లు లేచింది.

"ఆపురా," అన్నాను.

"ముహూర్తం ఉన్నదక్కా, నేరేడుచర్లల ఆపుత."

"ఆపు అంటున్న!"

ఆపలేదు. రోడ్డు పక్కన రైస్ మిల్లు దగ్గరికి వచ్చేసరికి దానంతటదే ఆగింది. ముందు నుంచి బుస్సుమని ఆవిరి. వెనక పెళ్ళికొడుకు మేనమామ మొదలుపెట్టాడు. ఇదేం బండయ్యా, శుభమా అని పోతుంటే, నీళ్ళు పోసి తియ్యవయ్యా తొందరగా, అని ఒకటే గోల. అచ్చయ్య డబ్బా పట్టుకుని మిల్లులోకి ఉరికాడు. బోరు నీళ్ళు పట్టుకొచ్చాడు. గుడ్డ వేసి మూత తిప్పాడు. ఆవిరి పోయింది గాని ఇంజను నిప్పులా ఉంది.

"పొయ్యకురా, బుచ్చయ్య చెప్పిండు గద, సల్లారనియ్యి," అని చెయ్యి పట్టుకున్నాను.

"జరుగక్కా, నా మర్యాద పోతున్నది!" అని నా చెయ్యి విదిలించి పోశాడు.

టప్పుమంది. పెద్ద చప్పుడేం కాదు, ఎండుకొబ్బరి చిప్ప పగిలినంత. దాని తర్వాత ఆ ఇంజను ఇంకే చప్పుడూ చేయలేదు. పెళ్ళివాళ్ళు షేర్ ఆటో ఎక్కి పోయారు. అచ్చయ్య డబ్బా పట్టుకుని నిలబడ్డాడు. మర్యాదట, మర్యాద! నా మంద మొత్తం ఆ చప్పుడులో పోతే వీడి మర్యాద ఒకటి దొరికింది నడుమ.

ట్రాక్టర్‌కు కట్టి సూర్యాపేట తెచ్చాం. కబురు తెలిసి బీరయ్య కూడా బుచ్చయ్య దగ్గరికి వచ్చాడు. ఇంజను పైభాగం అడ్డంగా పగిలింది, ఆ పగులు కింది దాకా దిగింది, ఇక అతుకు పడదన్నాడు బుచ్చయ్య. తర్వాత రేడియేటర్‌కు మంట చూపించి, అతుకు కరిగించి, పైపెట్టె ఊడదీసి మా ముందు పెట్టాడు. గొట్టాల మూతుల మీద పసుపు చెక్కు, దాని మీద ఎర్ర జిగురు, దాని మీద మళ్ళీ పసుపు, మళ్ళీ ఎరుపు. ఎవరి వారం ఎక్కడుందో వేలు పెట్టి చూపించొచ్చు. తరతరాలుగా గోడకు వేసిన సున్నం పొరల్లా అంత స్పష్టంగా ఉంది వాళ్ళ పగ.

ఇద్దరూ వంగి చూశారు. బీరయ్య తలెత్తాడు.

"నువ్వు ఎర్రది పొయ్యబట్టే."

"నువ్వు పసుపు పొయ్యబట్టే."

నాలుగేళ్ళ తర్వాత నా తమ్ముళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకున్న మొదటి మాటలివి. చేతులు కాలాక ఆకులు పట్టుకునేవాళ్ళను చూశాను గాని, ఆకులతో కొట్టుకునేవాళ్ళను అప్పుడే చూశాను. అక్కడ బుచ్చయ్య తాగి పెట్టిన చాయ్ గ్లాసులుంటే రెండు తీసుకుని, ఆ జిగురును గరిటెతో తోడి రెండింట్లో నింపి ఇద్దరి మూతుల ముందు పెట్టాను.

"తాగుండ్రి," అన్నాను. "నోరు లేని దానికి తాపిండ్రు గద. నోరున్నోళ్ళు మీరు తాగుండ్రి. ఎవని వంతు ముందు?"

ఎవరూ చెయ్యి చాపలేదు. బుచ్చయ్య లేచి నా చేతిలోని గ్లాసులు మెల్లగా తీసుకున్నాడు. "విషమక్కా అది, పారబొయ్యి," అన్నాడు. ఇద్దరూ నా మొహం చూడలేక ఆ రేడియేటర్ వైపే చూస్తూ నిలబడ్డారు.

కారును పాతసామాను కిందే అమ్మేశాను. వచ్చిన దాంతో వెనకటి మందలో సగం సగం కూడా రాలేదు. వచ్చినన్ని గొర్రెలు కొన్నాను. గుమ్మం పక్కన మేకును పీకేశాను. కిరాయి కార్లవాళ్ళు వీళ్ళ సంగతి విని తాళాలివ్వలేదు. పెళ్ళికొడుకును నడిరోడ్డు మీద దింపిన డ్రైవర్లని పేరు పడ్డాక ఎవరిస్తారు? ఒకరోజు ఇద్దరూ వేరువేరుగా వచ్చి, గొర్లు కాస్తమని అడిగారు. ఒకడు వారం, ఒకడు వారం అన్నారు.

"వంతులు లేవ్," అన్నాను. "మందకు ఇద్దరు గావాలె. ఒకడు ముందు, ఒకడు ఎనక. రోజూ ఇద్దరూ రావాలె. ఒక్కడొస్తే వాని మొకం మీదనే దొడ్డి తడిక ఏస్త."

మంద కాయడమంటే నోటితో పని. ముందు నడిచేవాడు దారి చూసి కేకేయాలి, వెనకవాడు తప్పినదాన్ని చూసి కేకేయాలి. వీళ్ళు అందులో కూడా ఉపాయం కనిపెట్టారు. గొర్రెలతో మాట్లాడేవాళ్ళు.

"ఏయ్ నల్లదానా, ముందటికి పోయేటోన్ని జర మెల్లగ నడువుమను," అనేవాడు అచ్చయ్య వెనక నుంచి.

"ఓ బొల్లిదానా, కుంటిది ఎనక పడ్డది, ఎనకటోనికి కండ్లున్నయో లేవో అడుగు," అనేవాడు బీరయ్య ముందు నుంచి.

నా బదులు గొర్రెలు వచ్చాయంతే. కుక్క తోకకు కర్ర కడితే కర్ర వంకరైంది గాని తోక వంకర పోలేదనుకున్నాను.

ఒకరోజు సాయంత్రం మందను ఖమ్మం రోడ్డు దాటిస్తున్నాం. బీరయ్య రోడ్డు మధ్యలో నిలబడి, అటు తిరిగి గొర్రెలను దింపుతున్నాడు. వాడి వెనక మలుపులోంచి వడ్ల లారీ వచ్చింది, హారన్ లేదు, ఏమీ లేదు. నాకు కనపడి నోరు తెరిచేలోపే,

"అన్నా!" అని కేక పడింది. "అన్నా, లారీ! దుంకు!"

బీరయ్య పక్కకు దూకాడు. లారీ వాడి గొంగడిని లాక్కుంటూ పోయింది. ఒక్క గొర్రెకు కూడా ఏం కాలేదు. దుమ్ము తేరాక చూస్తే బీరయ్య మట్టిలో కూర్చుని వెనక్కి చూస్తున్నాడు. అచ్చయ్య కర్ర పారేసి ఉరికిపోయి వాడి రెక్క పట్టుకుని లేపాడు.

"తాకిందా?" అన్నాడు.

"తాకలేదురా," అన్నాడు బీరయ్య.

చూసినవాళ్ళెవరైనా సంతోషపడతారు. నాకు మాత్రం అరికాలి నుంచి మంట లేచింది. ఇంత పెద్ద గొంతును ఇన్నేళ్ళూ ఎక్కడ దాచుకున్నాడు వీడు? అన్నా, రేడియేటర్‌లో గ్రీనుది పోశాం, పసుపు వేయకు, అని ఆ ఆదివారం నా వాకిట్లో అని ఉంటే సరిపోయేది. ఇంత కేక కూడా అక్కర్లేదు, గొణిగినా సరిపోయేది. నా కారు బతికేది.

కింద పడిన కర్ర తీసుకుని ఇద్దరి వీపుల మీదా తలా రెండు వేశాను. ఇద్దరూ పక్కపక్కన నిలబడి దెబ్బలు తిన్నారు, ఒక్కడూ తప్పుకోలేదు. అప్పుడు కర్ర పారేసి, ఆ రోడ్డు పక్కనే కూర్చుని, మంద అమ్మిన రోజు ఏడవనిదంతా ఏడ్చాను.